2024లో మనసు పట్టేసిన నాలుగు ఆల్బమ్స్, వాటిని వినే పద్ధతి

అందరికీ నమస్కారం, కర్నూలు నుంచి. 2024లో వచ్చిన ఆల్బమ్స్‌లో నాకు బాగా నచ్చినవి నాలుగు. ఒకటి జాజ్, ఒకటి పాప్, ఒకటి కంట్రీ (అమెరికా పల్లె సంగీతం), ఇంకొకటి ఉర్దూ. నాలుగూ మొదటి నుంచి చివరి దాకా వరసగా వినాల్సినవే. అందుకని ముందు ఫోన్ తీసి షఫుల్ ఆపేయండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపే సెట్టింగ్) సున్నాకు పెట్టండి, బాస్ బూస్ట్ (కింది స్థాయి శబ్దాలను పెంచేది) ఉంటే తీసేయండి.

క్రాస్‌ఫేడ్ ఎందుకు వద్దంటే, నాలా సినెఫ్రో అనే కళాకారిణి జాజ్ ఆల్బమ్ 'ఎండ్‌లెస్‌నెస్' వినండి, మీకే తెలుస్తుంది. పది ట్రాకులు, పేర్లు కూడా కంటిన్యుయమ్ 1 నుంచి 10 వరకే. హార్ప్, సింథ్, శాక్సోఫోన్ మారుతా ఉంటాయి గానీ అడుగున ఒకే స్వరాల వరస తిరుగుతానే ఉంటుంది. క్రాస్‌ఫేడ్ పెడితే ఒక ట్రాకు చివర, ఇంకో దాని మొదలు ఒకదాని మీద ఒకటి పడి ఆ వరస చెదిరిపోతుంది. మొత్తం ముప్పావు గంట. ఎక్కువ నాణ్యతలో, అంటే 320 కేబీపీఎస్‌లో డౌన్‌లోడ్ చేస్తే వంద ఎంబీ పైన పడుతుంది. ఇంట్లో వైఫైలో దించుకుని అనంతపురం బస్సెక్కండి, డోన్ చేరేలోపే అయిపోతుంది.

పాప్ ఆల్బమ్ బిల్లీ ఐలిష్ 'హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్', పది పాటలే. ఆల్బమ్ రాకముందు ఒక్క సింగిల్ (విడి పాట) కూడా వదల్లేదు, మొత్తంగా వినమనే. బాస్ బూస్ట్ గొడవ ఇక్కడే. 'చిహిరో'లో బాస్ ముందే నిండుగా ఉంది. దాని మీద మీరు ఇంకో 6 డెసిబెల్స్ పెంచితే సిగ్నల్ హద్దు దాటి, పై అంచులు తెగిపోయి బరబర శబ్దం వస్తుంది. హెడ్‌ఫోన్ పాడైందనుకుంటారు, కాదు. బాస్ పెంచే తీరాలనుకుంటే ఈక్వలైజర్‌లో మొత్తం శబ్ద స్థాయిని మార్చే ప్రీ-యాంప్‌ను అంతే 6 తగ్గించండి. ఇంకో మాట: 'ద గ్రేటెస్ట్' గుసగుసలా మొదలై తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మొదట్లో వినపడలేదని వాల్యూమ్ పెంచారంటే చెవులు పోతాయి. ఆ గట్టి భాగం పెట్టి వాల్యూమ్ సరిచూసుకుని, మళ్లీ మొదటికి రండి.

కంట్రీ ఆల్బమ్ బియాన్సే 'కౌబాయ్ కార్టర్', 27 ట్రాకులు, గంటా పావు దాటుతుంది. నా లెక్కలో చివర్లో కొంచెం కత్తెర వేసి ఉండాల్సింది. కానీ 'టెక్సస్ హోల్డెమ్' మొదట్లో రియానన్ గిడెన్స్ అనే కళాకారిణి వాయించిన బాంజో (తీగల వాద్యం) వినండి. బాంజో మూలం ఆఫ్రికా. బానిసలుగా అమెరికాకు తెచ్చిన మనుషులతో పాటే వచ్చిన వాద్యం అది. ఆ సంగతి మనసులో పెట్టుకుని వింటే ఆల్బమ్ అర్థమే మారుతుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైంది, ఆరూజ్ ఆఫ్తాబ్ 'నైట్ రెయిన్'. వాన కాదు, ఏలుబడి అనే రెయిన్. రాత్రి రాజ్యం. ఆమె పాకిస్తానీ మూలాలున్న గాయని, ఉండేది న్యూయార్క్‌లో. కానీ 'నా గుల్' పాటలో మాటలు మన హైదరాబాద్ కవయిత్రి మహ్ లకా బాయి చందావి. 1824లో పోయిన మనిషి, సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. సరిగ్గా రెండు వందల ఏళ్లకు ఆమె మాటలు ఇట్లా వినపడటం ఎంత బాగుందో! కర్నూలు పాతబస్తీలో రోజూ ఉర్దూ వినే చెవికి ఆ పలుకు ఇట్టే అందుతుంది.

గొంతు కింది స్థాయిలో, ఊపిరితో కలిసి నడుస్తుంది. దాని కింద డబుల్ బాస్ (వయొలిన్‌లాంటి ఆకారంలో ఉండే పెద్ద తీగల వాద్యం). ఆ వాద్యం అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. అందుకే ఫోన్‌లో పెట్టి విన్నవాళ్లు ఇందులో ఏముంది, ఖాళీగా ఉందే అంటారు. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, చెవిలో బిగుతుగా కూర్చోవాలి. వదులుగా ఉంటే బాసే ముందు పోతుంది.

ఫ్యాన్ కింద వద్దు, ఆ గాలి చప్పుడులో ఆమె ఊపిరి కలిసిపోతుంది. రాత్రి మిద్దె మీదికి పోయి, 'రాత్ కీ రాణి' పాటతో మొదలుపెట్టండి. రాత్ కీ రాణి అంటే మనం నైట్ క్వీన్ అనే చెట్టే, రాత్రయితే వీధంతా వాసన కొట్టేది. ఆ ఒక్క పాటకు మాత్రం వరస తప్పినా ఫరవాలేదు.