రాత్రి వంట ప్రోటీన్‌తో మొదలవ్వాలి

అందరికీ నమస్కారం.

పగలంతా పని చేసి ఇంటికొచ్చాక, అరగంటలో, శాకాహారంతోనే, ఇంటిల్లిపాదికీ సరిపోయే భోజనం ఎలా వండాలో మాట్లాడమని పిలిచారు. నేను వంటకాల జాబితా ఏమీ తీసుకురాలేదు. చెప్పదలచుకున్నది ఒక్కటే. రాత్రి భోజనం గురించిన ఆలోచన కూరగాయతో కాదు, ప్రోటీన్‌తో మొదలవ్వాలి. ఆ ఆలోచన కూడా పొయ్యి వెలిగించే వేళకి కాక, ముందురోజు రాత్రికే అయిపోవాలి.

మామూలుగా ఏం జరుగుతుంది? ఇంటికి రాగానే ఫ్రిజ్ తలుపు తీసి ఏ కూరగాయ ఉందో చూస్తాం. బంగాళాదుంపలు కనిపిస్తే ఆ పూటకి అదే కూర, పక్కన అన్నం. అందరి కడుపూ నిండుతుంది, ఎవరూ ఏమీ అనరు. కానీ లెక్క వేసి చూడండి. వండిన అన్నంలో 100 గ్రాములకి 3 గ్రాముల లోపే ప్రోటీన్ ఉంటుంది. బంగాళాదుంపలో సుమారు 2 గ్రాములు. ఒక మనిషి 250 గ్రాముల అన్నం, 150 గ్రాముల కూర తిన్నా 10 గ్రాములు దాటదు. పళ్లెం నిండుగానే ఉంది, లోటు మాత్రం కంటికి కనపడదు. అందుకే దీన్ని కంటితో కాక అంకెతో చూడాలంటాను.

ఎంత కావాలి? ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకి రోజుకి, కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల నివేదిక చెబుతుంది. అరవై ఐదు దాటినవాళ్లకి కండ తరిగిపోకుండా ఉండాలంటే 1 నుంచి 1.2 గ్రాముల దాకా ఉండటం మంచిదని వృద్ధుల పోషణ మీద పనిచేసే నిపుణులు సూచిస్తున్నారు. ఎదిగే పిల్లలకి కిలోకి పెద్దవాళ్ల కంటే కాస్త ఎక్కువే కావాలి.

ఇప్పుడు ఒక ఇంటిని తీసుకుందాం. నాన్న 70 కిలోలు, అమ్మ 55, నానమ్మ 55, పదేళ్ల పాప 30 కిలోలు. రోజుకి నాన్నకి 58 గ్రాములు, అమ్మకి 46, నానమ్మకి కనీసం 55, పాపకి 28 దాకా. మొత్తం 187. ఇందులో మూడో వంతు రాత్రి భోజనంలో రావాలనుకుంటే 62 గ్రాములు. అన్నమో రొట్టెలో నలుగురి పళ్లేలలో కలిపి 20 దాకా తెస్తాయి. మిగిలిన 40, 45 గ్రాములు ప్రధానమైన వంటకం నుంచి రావాలి. ఆ ఇంటికి గుర్తుండాల్సిన అంకె ఇదొక్కటే. తలా ఒకరికి రోజూ లెక్క కట్టక్కర్లేదు, గిన్నెకి కడితే చాలు.

ఈ లెక్కలో నన్ను ప్రతిసారీ ఆపేసే విషయం ఒకటుంది. చూడండి, నానమ్మకీ అమ్మకీ బరువు ఒకటే, కానీ ఎక్కువ కావాల్సింది నానమ్మకి. సాధారణంగా ఇంట్లో అందరికంటే తక్కువ తినేదీ ఆవిడే. పళ్లు సహకరించక గింజలు పక్కన పెట్టేస్తారు, ఆకలి లేదని సగం పళ్లెంతో లేచిపోతారు. ఆవిడ పళ్లెంలో కూరలూ పప్పూ ఎంత మెత్తగా ఉంటే అంత లోపలికి వెళ్తాయి. బాగా ఉడికి చిదిపిన పప్పు, మెత్తటి టోఫు (సోయా పాలతో చేసే పన్నీర్ లాంటిది), గడ్డపెరుగు, ఇవి ఆవిడకి మందు కంటే ముందు కావాల్సినవి.

మరి ఆ 40, 45 గ్రాములు ఎక్కడివి? పొట్టు తీసిన పప్పులన్నిటికీ దగ్గరదగ్గరగా, ఎండువి 100 గ్రాములకి 22 నుంచి 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అంటే నలుగురికి 200 గ్రాముల ఎండు పప్పు పోస్తే లెక్క సరిపోతుంది. చాలా ఇళ్లలో పప్పు రోజూ వండుతారు, కానీ అందులో సగం కూడా పోయరు. నీళ్లు ఎక్కువ పోసి పలచగా చేస్తే గిన్నె నిండుతుంది, ప్రోటీన్ మాత్రం పెరగదు. ఈ రాత్రి ఒకసారి మీరు పోసే పప్పు తూకం వేసి చూడండి. మారాల్సింది వంటకం కాకపోవచ్చు, కొలత కావచ్చు.

శనగలు ఎండువి 200 గ్రాములైతే 40 దాకా ఇస్తాయి, రాజ్మా ఇంకాస్త ఎక్కువ. సోయా ముక్కలు (మీల్ మేకర్) అన్నిటికంటే ముందుంటాయి, 100 గ్రాములకి 50 పైనే. నలుగురికి ఆ 100 గ్రాములు చాలు. పన్నీర్‌లో 100 గ్రాములకి 18 గ్రాముల వరకు ఉంటుంది. కొవ్వు కూడా ఎక్కువే కాబట్టి రోజూ దానిమీదే ఆధారపడొద్దు. టోఫు ఎంత గట్టిగా ఉంటే అంత ఎక్కువ ఇస్తుంది, ప్యాకెట్ మీద అంకె చూసుకోండి. గుడ్డు తినే ఇళ్లలో ఒక్కో గుడ్డుకి 6 గ్రాములు.

కొన్నిటిని మనం ఉన్నదానికంటే ఎక్కువ నమ్ముతాం. పుట్టగొడుగులు, పాలకూర 100 గ్రాములకి 3 గ్రాములు. పచ్చి బఠానీ 5. అవి తినాల్సినవే, కానీ ప్రోటీన్ బాధ్యత వాటికి అప్పగించకూడదు. వేరుశనగలో 100 గ్రాములకి 25 గ్రాములున్న మాట నిజమే, దాంతోపాటు 570 కేలరీలు కూడా ఉన్నాయి. గుప్పెడు చల్లుకుంటే 7 గ్రాములు కలుస్తాయి, అంతవరకే వాడుకోవాలి.

శాకాహారంలో ప్రోటీన్ "అసంపూర్ణం" అనే మాట వినే ఉంటారు. ప్రోటీన్‌ని కట్టే ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. వాటిలో లైసిన్ అనేది ధాన్యాల్లో తక్కువ, మెథియొనిన్ అనేది పప్పుల్లో తక్కువ. ఒకదాని లోటు ఒకటి తీరుస్తాయి. ఒకప్పుడు ఈ రెండూ ఒకే పూటలో కలిపి తినాల్సిందేనని గట్టిగా చెప్పేవారు. ఇప్పుడు పోషకాహార శాస్త్రం అలా అనదు. రోజు మొత్తం మీద రకరకాలుగా తింటే చాలు. కాబట్టి ఒక రాత్రి పళ్లెంలో ధాన్యం లేకపోయినా కంగారు పడకండి.

ఇక సమయం సంగతి. శాకాహార ప్రోటీన్‌కి ఉన్న అసలు ఇబ్బంది పోషకం తక్కువ కావడం కాదు, తొందరగా ఉడకకపోవడం. గింజ నానాలి, ఉడకాలి. సాయంత్రం ఏడింటికి శనగలు గుర్తొస్తే ఇక ఏమీ చేయలేం. అందుకే వారం మొత్తానికి వంటకాల పేర్లు రాసుకునే బదులు ప్రోటీన్ పేరు మాత్రం రాసుకోమంటాను. ఒకరోజు పప్పు, ఒకరోజు శనగలు, ఒకరోజు సోయా, ఒకరోజు పన్నీరో గుడ్డో, మళ్లీ పప్పు. ఆ శనగలు కూరవుతాయా, సలాడ్ అవుతాయా, పాస్తాలో పడతాయా అన్నది ఆ సాయంత్రం ఓపికని బట్టి తేల్చుకోవచ్చు. వంటకం పేరు రాసుకుంటే ఒక్క దినుసు లేకపోయినా పథకం చెడుతుంది.

గింజలు వారానికి ఒకసారే ఎక్కువగా నానబెట్టండి. నానబెట్టే నీళ్లలో కాస్త ఉప్పు వేస్తే తొక్క మెత్తబడుతుంది. ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో వండితే కడుపు ఉబ్బరం తెచ్చే చక్కెరల్లో కొంత భాగం పోతుంది. టమాటా, నిమ్మరసం లాంటి పులుపు గింజ పూర్తిగా మెత్తబడ్డాకే వేయాలి. ముందే వేస్తే గింజ గట్టిగా ఉండిపోయి, గంట గడిచినా ఉడకదు. ప్రెషర్ కుక్కర్‌లో నీరు 120 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో మరుగుతుంది కాబట్టి గంటపైన పట్టే పని అరగంటలోపు అవుతుంది.

ఉడికిన గింజలు ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు ఉంటాయి. మిగతావి ఒక పూటకి ఎంత కావాలో అంత చొప్పున సంచుల్లో పలచగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. పలచగా పరిస్తే తీసిన పది నిమిషాల్లో విడిపోతాయి. ముద్దగా పెడితే ఆ రాత్రికి పనికిరావు.

రాజ్మా విషయంలో మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. సరిగా ఉడకని రాజ్మాలో వాంతులు, విరేచనాలు తెప్పించే లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లేలా పది నిమిషాలకి తక్కువ కాకుండా మరిగించి, ఆ తర్వాత మెత్తబడేదాకా వండాలి. తక్కువ వేడి మీద గంటలకొద్దీ ఉడికించే స్లో కుక్కర్‌లో నేరుగా వేయకూడదు. ఆ వేడికి విషం పోదు సరికదా, పెరిగే ప్రమాదం కూడా ఉంది.

నానబెట్టడం మర్చిపోయిన రోజుకి ఎర్ర కందిపప్పు (మసూర్ పప్పు) ఉంది, ఇరవై నిమిషాల్లో మామూలు గిన్నెలోనే ఉడుకుతుంది. శనగపిండి జారుగా కలిపి తరిగిన కూరగాయలు వేసి అట్లు పోస్తే అదీ ఇరవై నిమిషాలే. టోఫు, పన్నీర్, గుడ్లు పది నిమిషాల పని.

కూరగాయల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, పళ్లెంలో సగం అవే ఉండాలి. తరిగే ఓపిక లేకపోతే ఫ్రీజర్‌లోవి వాడండి, తప్పేం లేదు. నిమ్మరసమో పచ్చి క్యాప్సికమో పక్కన ఉంటే పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతో టీ, కాఫీ తాగితే అదే ఇనుము సరిగా అందదు, ఒక గంట ఆగండి. పాలు, పెరుగు, గుడ్లు ఏవీ ముట్టని ఇళ్లలో బి12 ఆహారంతో సహజంగా రాదు. అది కలిపిన ఆహారమో మాత్రలో తప్పనిసరి.

పిల్లలకి వేరే వంట చేయకండి. కారం వేసేముందు వాళ్ల భాగం విడిగా తీయండి, అంతే. వడ్డించేవాళ్లకి ఒక మాట. చివర్లో కూర్చునే మీకు అడుగున మిగిలిన నీళ్ల పప్పు కాక గట్టి పప్పు మిగలాలి. వడ్డన మొదలయ్యే ముందే మీ వంతు ఒక గిన్నెలో తీసి పెట్టుకోండి. ఇది స్వార్థం కాదు, ఇందాక మనం వేసిన 187లో మీ 46 కూడా ఉన్నాయి.

ఇంట్లో మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లుంటే ఈ అంకెలేవీ వాళ్లకి వర్తించవు. ఎంత తినాలో వాళ్ల వైద్యులే చెప్పాలి.

ఎంత ముందుచూపు ఉన్నా కొన్ని రాత్రులు ఏమీ కుదరవు. ఒంట్లో బాగోదు, లేదా ఇంటికొచ్చేసరికే తొమ్మిదవుతుంది. ఆ రాత్రికి ముడిగోధుమ బ్రెడ్ రెండు ముక్కలు, వాటిమీద రెండు పెద్ద చెంచాల వేరుశనగ వెన్న, ఒక గ్లాసు పాలు, ఏదో ఒక పండు. 20 గ్రాములకి తక్కువ రాదు, పొయ్యి వెలిగించకుండానే.

ఇక మీ ఇళ్ల లెక్కలు వేద్దాం. ఎవరెవరు ఉన్నారో, సుమారు బరువెంతో ఒక్కొక్కరూ చెప్పండి, మీ గిన్నెకి ఎంత కావాలో ఇక్కడే రాసుకుని వెళ్దురుగాని.