పడగొట్టే ఇంటి రంగుటద్దాలు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, పొద్దున్నుంచి కుర్చీలు వేసి మైకులు సర్దిన పిల్లలకు కృతజ్ఞతలు. నా గురించి చెప్పవలసినదంతా ఇందాకే చెప్పేశారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. రంగు గాజు ముక్కలు అతికించి అద్దానికి ఫ్రేము ఎలా చేసుకోవాలో చెప్పమన్నారు. చెబుతాను. రేపటి నుంచి ఇదే హాల్లో దగ్గర కూర్చోబెట్టి నేర్పిస్తాం కూడా. అయితే గాజు ఎక్కణ్ణుంచి తేవాలి అన్న దగ్గరే నాకు మీతో పని ఉంది.

ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు దొరుకుతున్నాయి. చదరాలుగా కోసి, అంచులు నున్నగా అరగదీసి పంపిస్తారు. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి ఫ్రేము తయారైపోతుంది. మీలో చాలామంది అవి కొనుక్కుందామనే వచ్చి ఉంటారు. కొనొద్దని నా మనవి. గాజు మన ఊళ్ళలోనే ఉంది. రోజూ మట్టిపాలవుతోంది.

మా మేనమామగారిది కోనసీమలో మండువా లోగిలి. వీధి గుమ్మం పైన అర్ధచంద్రాకారంలో వెంటిలేటరు, అందులో ఎరుపు, నీలం, ఆకుపచ్చ, తేనెరంగు అద్దాలు. వాటాలు తేలాక ఇల్లు పడగొట్టడానికి కాంట్రాక్టు ఇచ్చారు. ఆ కాంట్రాక్టరు టేకు దూలాలకు రేటు కట్టాడు. స్తంభాలకు కట్టాడు. కిటికీ చువ్వలు కాటా వేయించాడు. పైకప్పు పెంకులు కూడా వందల లెక్కన కొనుక్కున్నాడు. అద్దాల దగ్గరికి వచ్చేసరికి, "ఇవెవరిక్కావాలండీ, తీస్తే పగిలిపోతాయి" అన్నాడు. చెక్క కావాలి కాబట్టి అద్దాలను సుత్తితో కొట్టి రాల్చేశారు. అడ్డుకోవడానికి మాకెవరికీ నోరు రాలేదు. వాటికి ధర లేదు గనక విలువ కూడా లేదనుకున్నాం. ఆ మాట తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ కడుపు మండుతుంది. మట్టిలోంచి ఏరుకున్న ముక్కలు ఒక సంచిలో పోసి తెచ్చుకున్నాను.

ఇదిగో, ఇది ఆ ఎరుపు ముక్కే. ముందు వరసలో వాళ్ళు చేతికి తీసుకుని చూడండి. అంచు తెగుతుంది, జాగ్రత్త. ఎదురుగా చూస్తే గాజంతా ఎరుపే. ఇప్పుడు పక్కకు తిప్పి అంచు చూడండి. గాజంతా రంగు లేనిదే, ఒక వైపు మాత్రమే పల్చటి ఎర్ర పొర. గాజు మందమంతా ఎరుపు వేస్తే వెలుగు దాటదు, నల్లగా కనిపిస్తుంది. అందుకని కొలిమి దగ్గర రంగులేని గాజు మీద ఎర్రగాజును పొరగా ఎక్కించేవారు. గాజుకు నీలం రంగు రావడానికి కోబాల్టు అనే లోహం, ఎరుపుకు రాగి లేదా బంగారం కలిపేవారు. ఎవరో ఎంత నేర్పుతో చేసిన పని! దాన్ని సుత్తితో కొట్టి పారేశాం.

చండీగఢ్‌లో రాక్ గార్డెన్ చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ముగ్గురు, నలుగురు... సంతోషం. ఆ నగరం కట్టడానికి అక్కడున్న ఊళ్ళు తీసేశారు. నేక్‌చంద్ గారు ప్రభుత్వ పనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టరు. పగలు ఉద్యోగం. తీరిక దొరికితే ఆ శిథిలాల్లోంచి విరిగిన పింగాణీ, పగిలిన గాజులు, టైల్సు ఏరి సైకిలు మీద మోసుకెళ్ళి, అడవిలో ఎవరికీ చెప్పకుండా బొమ్మలు చేశాడు. 1976లో ప్రజల కోసం దాన్ని తెరిచారు. పారేసిన ముక్కలతో ఆ ఒక్క మనిషి అంత చేయగలిగాడు. మనం ఒక్క అద్దం ఫ్రేము చేయలేమా?

సరే, ఫ్రేము. మొహం చూసుకునే అద్దం 18 అంగుళాలు, 24 అంగుళాలు అనుకుందాం. చుట్టూ మూడేసి అంగుళాల అంచు కావాలి. అంటే 24, 30 అంగుళాల ప్లైవుడ్ పలక, 12 మిల్లీమీటర్ల మందం. తడికి తట్టుకునే రకమే తీసుకోండి. ఎండీఎఫ్, అంటే చెక్కపొట్టు అదిమి చేసిన పలక, తేమకు ఉబ్బుతుంది, వద్దు. పలకకు ముందు నీళ్ళు కలిపిన ఫెవికాల్ ఒక పూత, ఆరాక తెల్ల ప్రైమరు. తెలుపు ఎందుకంటే, కిటికీలో అద్దానికి వెనక నుంచి వెలుగు వస్తుంది. ఫ్రేములో అలా రాదు. ముందు నుంచి వెళ్ళిన వెలుగు వెనక తగిలి తిరిగి రావాలి. వెనక చెక్క రంగు ఉంటే మీ నీలం నల్లబడిపోతుంది. జిగురు కూడా తెల్లగానో, ఆరాక పారదర్శకంగానో ఉండాలి.

ఇప్పుడు కోత. ఇక్కడ నేను పటాలు కట్టే బాబాయి గురించి చెప్పక తప్పదు. ఆయన పేరు నేను చెప్పను, ఆయనకి అది ఇష్టం ఉండేది కాదు. రాజమండ్రిలో చిన్న షాపు. దేవుడి పటాలు, పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు. బల్ల మీద పాత దుప్పటి, పక్కన కిరోసిన్ పోసిన సీసా మూత, అందులో ముంచిన కటరు, అంటే కొసన చిన్న చక్రం ఉండే గాజు కోసే పనిముట్టు. నా సంచి తీసుకెళ్ళి, కోసి పెట్టమని అడిగాను. "నేను కోస్తే నా పటం అవుద్ది. నువ్వే కొయ్యి, అమ్మాయ్" అన్నాడు.

ముందు మామూలు కిటికీ అద్దం ముక్కలు ఇచ్చాడు. కళ్ళు మూసుకోమన్నాడు. ఆయన గీత పెడితే కొత్త గుడ్డ చింపినట్టు ఒకే ధారగా చప్పుడు వచ్చింది. "అది వినపడితే తెగుద్ది. గరగరమంటే ఎక్కువ నొక్కావని. చప్పుడే లేదంటే చక్రం అంటలేదని. కళ్ళతో కాదు, చెవితో కొయ్యాలి." గీత ఒక్కసారే. రెండోసారి అదే గీత మీద నడిపితే గాజూ పాడు, కటరూ పాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆగకుండా వెళ్ళాలి. వెంటనే రెండు పిడికిళ్ళు గీతకు రెండు వైపులా పెట్టి, బొటనవేళ్ళు పైన ఆనించి, కిందికి విరవాలి. టప్పున రెండవుతుంది.

వెళ్ళినప్పుడల్లా ఆయన ఇదే చెప్పేవాడు, విను, విను అని. షాపు బయట డ్రమ్ములో కోయగా మిగిలిన అద్దం ముక్కలు వేసి, వీధి పిల్లల చేతికి అందకుండా మూత పెట్టేవాడు. ఆ ఊళ్ళో ఎన్ని ఇళ్ళ గోడల మీద ఆయన కోసిన అద్దం ఉందో లెక్కలేదు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. ఆర్టిస్టులని మనం ఎవరెవరినో పిలుస్తాం, శాలువాలు కప్పుతాం. అమ్మా, మీ వీధి చివర పటాలు కట్టే ఆయన్ని ఎప్పుడైనా ఏదైనా అడిగారా? అడగండి. కోత నేర్పే గురువు అక్కడే ఉన్నాడు. షాపులు ఒక్కొక్కటే మూతబడుతున్నాయి, ఫొటోలన్నీ ఫోన్లలోకి పోయాక.

టైమ్ చూపిస్తున్నారు, తొందరగా చెబుతాను. గీత పెట్టి సన్నటి పట్టీలు విరిచాక, నిప్పర్‌తో, అంటే గాజు కొరికే పట్టకారుతో, చిన్న ముక్కలు చేసుకోవచ్చు. కళ్ళజోడు తప్పనిసరి, కాళ్ళకు చెప్పులు కాదు, బూట్లు. ముక్కల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచండి. ముందు మొహం చూసుకునే అద్దం అతికించండి. ఇది బాగా వినండి. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ జిగురు అద్దం వెనక వాడకూడదు. అందులోంచి వచ్చే ఆమ్లం వెనక వెండి పూతను తింటుంది, కొన్నాళ్ళకు నల్లమచ్చలు వస్తాయి. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి. అద్దం అంచులకు పారదర్శకమైన నెయిల్ పాలిష్ ఒక పూత వేయండి, గ్రౌట్, అంటే ముక్కల మధ్య సందులు నింపే ముద్ద, దాని తడి లోపలికి పోకుండా. అద్దం ముఖానికి మాస్కింగ్ టేపు. నాలుగు మిల్లీమీటర్ల అద్దం పక్కన మూడు మిల్లీమీటర్ల రంగు గాజు దాదాపు సమానంగా కూర్చుంటుంది.

జిగురు ఒక రోజు పూర్తిగా ఆరాక గ్రౌట్. సన్న సందులకు ఇసుక లేని గ్రౌట్ వాడాలి, ఇసుక ఉన్నది గాజు మీద గీతలు పెడుతుంది. పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు. గరిటె తలకిందులుగా పట్టుకున్నా జారకుండా నిలిచేంత గట్టిగా కలపాలి. సందుల్లోకి అదిమి, ఓ పావుగంటకు తడి స్పాంజితో తుడవాలి. తుడిచిన నీళ్ళు సింకులో పోయకండి, పైపులో గట్టిపడి బిగుసుకుపోతుంది. రంగు ముదురు బూడిదరంగు పెట్టండి. తెల్ల గ్రౌట్ పక్కన రంగులు వెలవెలబోతాయి. అంతా అయ్యాక ఈ ఫ్రేము 8 కిలోల దాకా తూగుతుంది. మేకుకు తగిలించే పని కాదు, గోడకు ప్లగ్గు వేసి రెండు వైపులా స్క్రూలు బిగించాలి.

పాత అద్దాలు కిటికీ చట్రంలోంచి తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. 2017లో నిబంధన వచ్చేదాకా ఇళ్ళకు వేసే చాలా పెయింట్లలో సీసం ఉండేది. పెచ్చులు పొడిగా గీకకండి. తడిపి, మాస్కు వేసుకుని గీకండి. పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

హైదరాబాద్‌లో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉంది. మొహర్రంలో పీర్లు నిలిపే చోటు అది. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1590లలో కట్టించాడు. గోడల మీద రంగు పలకలను ముక్క ముక్కగా కోసి కూర్చిన పని చూస్తే కళ్ళు చెదురుతాయి. 1908 మూసీ వరదలో కింది భాగం దెబ్బతింది. ఆ పలకలు పోయిన చోట తర్వాత రంగు పూశారు. మీరు వెళ్తే ఏది పలకో, ఏది పూతో దగ్గర నిలబడి చూడండి. వరద మన చేతిలో లేదు. కాంట్రాక్టరు సుత్తి మన చేతిలోనే ఉంది. అగ్రిమెంటు రాసేటప్పుడే ఒక్క వాక్యం రాయించండి, రంగుటద్దాలు ఇంటివాళ్ళవే, ముందు వాటిని తీశాకే కొట్టాలి అని. కూలి ఎక్కువ అడిగితే ఇవ్వండి. దయచేసి ఇవ్వండి.

మన మార్కెట్టు వెనక రెండంతస్తుల పాత ఇల్లు వచ్చే నెల పడగొడుతున్నారని విన్నాను. మేడ మీద కిటికీల్లో నీలం అద్దాలు ఇంకా ఉన్నాయి, నిన్న రోడ్డు మీద నుంచి చూశాను. ఆ ఇంటివాళ్ళు గానీ, వాళ్ళ చుట్టాలు గానీ ఈ హాల్లో ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి. నిచ్చెన మేమే తెచ్చుకుంటాం.