మిషన్లు వచ్చాయి, కింది చెరువు రాలేదు

యాంకర్: సార్, నమస్కారం. మధ్యాహ్నం సోలార్ కరెంటు ఎక్కువైపోయి ఉత్పత్తి తగ్గించమంటున్నారు. అదే రోజు సాయంత్రం ఏడింటికి కరెంటు చాలక, కరెంటు అమ్మే-కొనే ఎక్స్ఛేంజీలో ఎక్కువ ధరకు కొంటున్నారు. ఈ రెండింటి మధ్యలో పంప్డ్ స్టోరేజ్ ఏం చేస్తుంది?

ఇంజినీర్: నమస్కారమమ్మా. మధ్యాహ్నపు కరెంటుతో కింది చెరువులోని నీళ్లను పై చెరువుకు తోడతాం. సాయంత్రం వాటినే కిందికి వదిలి కరెంటు తీస్తాం. నూరు యూనిట్లు పెడితే 75 నుంచి 80 దాకా తిరిగొస్తాయి. మిగతావి పోయినట్టే.

యాంకర్: మరి అది నష్టమే కదా?

ఇంజినీర్: ఎలాగూ వృథా అయ్యే కరెంటయితే 75 మిగిలినట్టు. బొగ్గు కాల్చి తోడితే మాత్రం పావు వంతు బొగ్గు తగలేసినట్టు. అందుకే ఏ కరెంటుతో తోడుతున్నారో ముందు అడగాలి.

యాంకర్: మన దగ్గర ఇదంతా ఇప్పుడిప్పుడే మొదలైందనుకుంటారు చాలామంది.

ఇంజినీర్: అయ్యో, నాగార్జునసాగర్ సంగతేంటి మరి? అక్కడి ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లున్నాయి. ఒకటి 110 మెగావాట్ల మామూలు టర్బైను. మిగతా ఏడూ 100.8 మెగావాట్ల చొప్పున రివర్సిబుల్ మిషన్లు. ఇటు తిప్పితే టర్బైను, అటు తిప్పితే పంపు. 1980ల్లోనే బిగించారు. కానీ తోడాలంటే కింద నీళ్లు నిలవాలి కదా! టర్బైను దాటిన నీళ్లు కృష్ణలో కలిసి ప్రకాశం బ్యారేజీ దారి పట్టేవి. సత్రశాల దగ్గర టెయిల్ పాండ్, అంటే కింది చెరువు, కట్టేదాకా, దాదాపు మూడు దశాబ్దాలు, ఆ మిషన్ల తోడే శక్తి అక్కరకు రాలేదు. హైడల్‌లో, అంటే జలవిద్యుత్తులో, పనిచేసిన వాణ్ణి, నాకిది ఇప్పటికీ కడుపు మండే విషయమే.

యాంకర్: రాష్ట్రం విడిపోయాక?

ఇంజినీర్: సాగర్ విద్యుత్ కేంద్రం తెలంగాణ విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కోకు వచ్చింది, టెయిల్ పాండ్ ఆంధ్రా జెన్‌కోకు వెళ్లింది. నీళ్లు తోడాలన్నా రెండు రాష్ట్రాలూ మాట్లాడుకోవాల్సిందే.

యాంకర్: శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలోనూ ఇలాంటి మిషన్లే కదా? అదెందుకు కొండ లోపల ఉంది?

ఇంజినీర్: అవును, 150 మెగావాట్లవి ఆరు. పంపుగా తిరిగేటప్పుడు రన్నర్, అంటే నీళ్లలో తిరిగే రెక్కల చక్రం, కింది చెరువు నీటి మట్టానికి బాగా దిగువన ఉండాలి. లేకపోతే నీళ్లలో బుడగలు పుట్టి, అవి పగిలి, రన్నర్ ఉక్కునే తినేస్తాయి. అందుకే అంత లోతు. కానీ ఆ లోతులో పొగ కమ్ముకుంటే మనిషి బయటపడటం చాలా కష్టం. 2020 ఆగస్టులో అక్కడ మంటలు వచ్చి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లను తలచుకోకుండా భూగర్భ కేంద్రం గురించి నేను మాట్లాడలేను. కొత్త ప్రాజెక్టుల్లో పొగ లాగే ఏర్పాటూ, తప్పించుకునే సొరంగమూ మొదటి డ్రాయింగులోనే ఉండాలి. తర్వాత చూద్దాంలే అంటే కుదరదు.

యాంకర్: అంత పెద్ద మిషన్ని వెనక్కి తిప్పడం ఎలా సార్? స్విచ్ వేస్తే తిరుగుతుందా?

ఇంజినీర్: (నవ్వు) తిరగదమ్మా. ముందు గైడ్ వేన్లు, అంటే రన్నర్ చుట్టూ నీటిని ఆపే తలుపులు, మూస్తాం. రన్నర్ చుట్టూ ఉన్న నీటిని కంప్రెసర్ గాలితో కిందికి నెట్టేస్తాం. ఇప్పుడు రన్నర్ ఖాళీ గాలిలో ఉంది కాబట్టి తక్కువ కరెంటుతోనే మెల్లగా వేగం అందుకుంటుంది. గ్రిడ్ లయతో కలిసి సింక్రనైజ్ అయ్యాక గాలి వదిలేస్తే నీళ్లు పైకెక్కి రన్నర్‌ను అందుకుంటాయి. ఆ క్షణంలో కంట్రోల్ రూమ్ నేల కూడా అదురుతుంది. అప్పుడు గైడ్ వేన్లు తెరిస్తే నీళ్లు కొండెక్కుతాయి.

యాంకర్: ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురం పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు పేరు బాగా వినిపిస్తోంది.

ఇంజినీర్: అది 1,680 మెగావాట్లు. నది మీద ఆనకట్ట లేదు. రెండు చెరువులూ నదికి దూరంగా కట్టారు. గోరకల్లు రిజర్వాయరు నుంచి ఒకసారి నింపితే, ఆ తర్వాత ఆవిరైపోయినంత మేర పోసుకుంటే చాలు. చుట్టుపక్కల ఎండకూ గాలికీ కొదవ లేదు. వెయ్యి మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు ఉన్నదీ ఆ వైపే. లెక్క కూడా తేలికే: ఒక టీఎంసీ నీళ్లు వంద మీటర్లు కిందికి దిగితే సుమారు 70 లక్షల యూనిట్లు వస్తాయి. ఎత్తు రెట్టింపైతే కరెంటూ రెట్టింపే. కొండలున్న చోటు వెతికేది అందుకే.

యాంకర్: బ్యాటరీలు చవకవుతున్నాయి కదా, ఇంత రాయి తవ్వడం ఎందుకు?

ఇంజినీర్: రెండు గంటల అవసరానికి బ్యాటరీయే పెట్టుకోండి, నేను కాదనను. ఆరేడు గంటలు, ఏళ్ల తరబడి, రోజూ కావాలంటే నా ఓటు నీళ్లకే. సాగర్ మిషన్లు నలభై ఏళ్లు దాటినా నడుస్తున్నాయి. ఇంకోటి, పంపుసెట్లకు పగటిపూటే కరెంటిస్తే సోలార్‌ను అప్పటికప్పుడే వాడుకున్నట్టు. అంత మేర చెరువులూ కట్టక్కర్లేదు.

యాంకర్: అల్లూరి జిల్లా ఏజెన్సీలో మాత్రం గిరిజనులు ఈ ప్రాజెక్టులు వద్దంటున్నారు.

ఇంజినీర్: వాళ్ల భయం నిజమైనదే. అక్కడివి రాజ్యాంగం గిరిజన ప్రాంతాలకు రక్షణ ఇచ్చే ఐదో షెడ్యూలు భూములు. ఆ ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే పీసా చట్టం వచ్చింది 1996లో, గిరిజనుల భూమి బయటివాళ్లకు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు సమత తీర్పు చెప్పింది 1997లో. ఇన్నేళ్ల తర్వాతా గ్రామసభను సంతకాల తంతుగా చూడటం తప్పు. బంజరు కొండలు అంత విస్తీర్ణంలో ఉండగా అడవి మీదికి పోవడం నాకు నచ్చదు.

యాంకర్: అక్కడి ఎగువ సీలేరు ప్రాజెక్టు కూడానా?

ఇంజినీర్: అది కొంచెం వేరు. 1,350 మెగావాట్ల ఆ ప్రాజెక్టుకు ఇప్పటికే ఉన్న రిజర్వాయర్లనే వాడుకుంటారు, కొత్త ముంపు భయం తక్కువ. కానీ సొరంగాల్లోంచి తవ్వి తీసిన రాయీ మట్టీ ఎక్కడ పోస్తారు? వాగు పక్కన గుట్టగా పోస్తే మొదటి వానకే వాగులోకి దిగుతుంది, కింది ఊళ్లు తాగేది ఆ నీళ్లే. గ్రామసభలో మ్యాపు పరిచి, ఆ మట్టి పోసే చోటు వేలు పెట్టి చూపించమనండి. అది చూపించాకే తవ్వకం మొదలుపెట్టాలి.