ముందు చెవి చూపించండి: పసిపిల్లల మాట ఆలస్యంపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. పసిపిల్లల్లో మాట, భాష సమస్యల మీద మీ సందేహాలు తీర్చడానికి స్పీచ్ థెరపిస్ట్ గారు స్టూడియోలో ఉన్నారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి, నేరుగా ఫోన్లలోకి వెళ్దాం. కోవూరు నుంచి. చెప్పండమ్మా.

కోవూరు శ్రోత: నమస్తే మేడం. మా పాపకి 14 నెలలు. అమ్మ, తాత తప్ప ఇంకేం అనడంలా. ఏమన్నా తేడానా?

నిపుణురాలు: తేడా ఏం లేదమ్మా. మొదటి మాట ఏడాదికి అటూ ఇటూగా వస్తుంది. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా? కావలసింది వేలు పెట్టి చూపిస్తుందా?

కోవూరు శ్రోత: ఆ, చూపిస్తది. పిలిస్తే తిరుగుతది.

నిపుణురాలు: మంచిది. 18 నెలలకి కూడా పది మాటలు రాకపోతే అప్పుడు ఆలస్యం చేయకుండా చూపించండి. పుట్టినప్పుడు చెవి పరీక్ష చేశారా?

కోవూరు శ్రోత: గుర్తులేదు మేడం.

నిపుణురాలు: డిశ్చార్జి కాగితాల్లో ఓఏఈ అని, ఆ చెవి పరీక్ష పేరు, ఉందేమో చూడండి. లేకపోతే ఇప్పుడు చేయించండి. ముందు చెవి, ఆ తర్వాతే మిగతావన్నీ.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. ఆత్మకూరు నుంచి ఇంకో ఫోన్.

ఆత్మకూరు శ్రోత: అమ్మా, నమస్కారం తల్లీ. నేను పిలగాడి నాయనమ్మని. మా మనవడికి రెండున్నర. కార్తీకంలో పుట్టినాడు, నువ్వే లెక్కేసుకో. వాడికి అన్నీ అర్థమవుతాయి, మహా తెలివి. మాటొక్కటే రాలా. వాళ్ల నాయన కూడా మూడేళ్లకి గానీ మాట్లాడలా, ఇప్పుడు చూడు, రోజంతా ఫోన్లోనే. మా కోడలు పరాయిది కాదు, మా తమ్ముడి కూతురే. ఇరవయ్యొకటో దినం నుంచి నేనే వస నాకిస్తా ఉండా. ఇప్పుడు పక్కింటామె నాలిక కింద పొర కోయించమంటా ఉంది. కోయించమంటావా తల్లీ?

నిపుణురాలు: ఆగండి పెద్దమ్మా, ఒక్కోటి చూద్దాం. వాడికి ఎన్ని మాటలు వచ్చు? లెక్కపెట్టి చెప్పండి.

ఆత్మకూరు శ్రోత: అమ్మ అంటాడు. తాత. బువ్వ. ‘బా’ అంటే బయటికి పోదామని.

నిపుణురాలు: ఆవుని చూస్తే?

ఆత్మకూరు శ్రోత: అంబా అంటాడు.

నిపుణురాలు: అది కూడా మాటే. ఎప్పుడూ ఒకే దానికి ఒకే శబ్దం వాడితే, సరిగ్గా పలకకపోయినా మాట కిందే లెక్క. ‘బా’ కూడా అంతే. అట్లా చూసినా అయిదే అయ్యాయి. రెండేళ్లు నిండేసరికే 50 దాకా ఉండాలి. ‘పాలు తా’, ‘తాత పోయె’ అని రెండేసి కలపాలి. అంటే ఇది ఆలస్యమే. అన్నీ అర్థమవుతాయన్నారు గదా, ఎట్లా తెలుసు?

ఆత్మకూరు శ్రోత: చెప్పులు తెమ్మంటే పరిగెత్తి తెస్తాడు.

నిపుణురాలు: చెప్పేటప్పుడు మీరు చేత్తో చూపిస్తారా?

ఆత్మకూరు శ్రోత: చూపిస్తా గదా మరి.

నిపుణురాలు: చూపించకుండా?

ఆత్మకూరు శ్రోత: అట్టా ఎప్పుడూ చెప్పలా.

నిపుణురాలు: అక్కడే అందరూ మోసపోయేది. వాడు మాట విని తెస్తున్నాడా, మీ చెయ్యి చూసి తెస్తున్నాడా? ఇవాళ చేతులు ఒళ్లో పెట్టుకోండి. చెప్పుల వైపు చూడకండి, వాడి మొహమే చూస్తూ ‘నీ చెప్పులు తెచ్చి తాతకియ్యి’ అనండి. గిన్నె, బంతి, చెప్పులు మూడూ అక్కడే ఉండాలి. వాడు ఏది తీస్తాడో, ఎవరికిస్తాడో రాసి పెట్టుకోండి. మాట అర్థమవుతూ నోటి నుంచి రాకపోవడం వేరు, అసలు అర్థమే కాకపోవడం వేరు. రెండోది ఇంకా పెద్ద సంగతి.

ఆత్మకూరు శ్రోత: చెవులు బాగానే ఉండాయమ్మా. దీపావళికి టపాకాయ పేలిస్తే వణికిపోయినాడు.

నిపుణురాలు: పెద్దమ్మా, టపాకాయ పరీక్ష కాదు. తలుపు చప్పుడు, గిన్నె పడ్డ చప్పుడు, ఇవన్నీ పెద్ద శబ్దాలు. కొందరు పిల్లలకి అవి బాగానే వినిపిస్తాయి, స, శ, త లాంటి సన్నటి శబ్దాలు మాత్రం చెవిన పడవు. వాళ్లకి మాట ముక్కలు ముక్కలుగా చేరుతుంది. వెనక నుంచి చప్పట్లు కొట్టి చూశామంటారు, అదీ పరీక్ష కాదు. నీడ కదిలినా తిరుగుతారు. మేనరికం అన్నారు. మేనరికపు పెళ్లిళ్లలో పుట్టుకతో వచ్చే వినికిడి లోపానికి అవకాశం పెరుగుతుంది. పుట్టినప్పుడు ఏమైనా ఇబ్బంది పడ్డాడా?

ఆత్మకూరు శ్రోత: కామెర్లు జాస్తిగా ఉండాయని రక్తం కూడా మార్చినారు. అద్దాల పెట్టెలో పెట్టినారు.

నిపుణురాలు: ఇది ముందు చెప్పాల్సింది! రక్తం మార్చేంత కామెర్లు వచ్చిన బిడ్డకి చెవి నరం దెబ్బతినే అవకాశం ఉంటుంది. ఓఏఈ ఒక్కటే చేసి ‘పాస్’ అని రాసిచ్చినా నమ్మకండి. అది లోపలి చెవి వరకే చూస్తుంది. అక్కడి నుంచి శబ్దం నరం గుండా పోతోందో లేదో తెలియాలంటే బేరా అనే పరీక్ష చెయ్యాలి. నుదుటి మీద, చెవుల వెనక చిన్న బిళ్లలు అంటించి, చెవిలో టిక్ టిక్ మని శబ్దం పెడతారు. నొప్పి ఉండదు. బిడ్డ కదలకుండా నిద్రపోవాలి. అందుకని ముందు రోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున్నే లేపండి. దారిలో బస్సులో నిద్రపోనివ్వకండి. తలస్నానం చేయించండి, నూనె రాయొద్దు. నూనె ఉంటే బిళ్లలు అంటుకోవు, ఆ రోజంతా వృథా అవుతుంది. నిద్ర మందు ఇవ్వాలా వద్దా అన్నది అక్కడి డాక్టరు చూసుకుంటారు, మీరు ఇంట్లో ఏదీ తాగించకండి. జలుబు చేసినప్పుడు మాత్రం చెవి లోపలి పొర వెనక నీరు చేరి ఫలితం తారుమారు కావచ్చు, తగ్గాక పోండి.

ఆత్మకూరు శ్రోత: దీనికి మద్రాసు పోవాల్నా తల్లీ?

నిపుణురాలు: మొదటి పరీక్షకి మద్రాసు అక్కర్లేదు. మీ ఊరి అంగన్‌వాడీ టీచర్‌కో, ఆశాకో చెప్పండి. ఆర్‌బీఎస్‌కే అని 2013 నుంచి ఉన్న పథకం, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూస్తారు. వాళ్లు రాసిస్తే జిల్లా స్థాయి కేంద్రానికి, డీఈఐసీ అంటారు, అక్కడికి పోవచ్చు. డబ్బు కట్టే పని లేదు. ప్రైవేటులో అయితే థెరపిస్టుకి ఆర్‌సీఐ, అంటే మాకు గుర్తింపు ఇచ్చే ప్రభుత్వ సంస్థ, ఆ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడగండి. అడిగితే కోపం తెచ్చుకునే చోట ఆగకండి.

ఆత్మకూరు శ్రోత: సరే తల్లీ. మరి ఆ నాలిక పొర సంగతి? కోయించాల్నా?

నిపుణురాలు: పెద్దమ్మా, వాడు నాలుక బయటికి చాపుతాడా? పెదాలకి అంటిన బెల్లం నాకుతాడా?

ఆత్మకూరు శ్రోత: శుభ్రంగా నాకుతాడు.

నిపుణురాలు: అయితే నాలుక జోలికి పోకండి. పొర బిగుతుగా ఉంటే పాలు తాగడానికి ఇబ్బంది అవుతుంది, నాలుక కొస పైకి లేపి పలికే ఒకటి రెండు అక్షరాలు తేడా రావచ్చు. మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. అమ్మ, బువ్వ, పాప అనడానికి నాలుకతో పనే లేదు, పెదాలు చాలు. పొర కోసేసి ‘ఇంక మాట వస్తుందిలే’ అని ఇంకో ఏడాది కూర్చుంటారు, పోయేది ఆ ఏడాదే. వస కూడా ఇవాళ్టితో ఆపండి.

ఆత్మకూరు శ్రోత: వస పోస్తే మాటలొస్తాయని మా అమ్మ కాలం నుంచీ...

నిపుణురాలు: రావు. వస కొమ్ములో బీటా-అసరోన్ అనే హాని చేసే పదార్థం ఉంది. అమెరికాలో 1968 నుంచి ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. అరగదీసింది ఎంత గాఢంగా వచ్చిందో మీకు తెలియదు, పసిబిడ్డకి వాంతులవుతాయి, మత్తుగా పడి ఉంటారు. తేనెలో కలిపి పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఏడాది లోపు బిడ్డకి తేనె వేలి కొసంత కూడా వద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. వసా వద్దు, తేనే వద్దు. బువ్వ ఎట్లా పెడతారు వాడికి?

ఆత్మకూరు శ్రోత: సెల్లు ఇస్తేగానీ నోరు తెరవడు.

నిపుణురాలు: అనుకున్నా. సెల్లు వల్లే మాట రాలేదని నేను అనను, చెవి తేలాలి. కానీ మాట నేర్చుకునే సమయాన్ని అది తినేస్తుంది. రెండేళ్ల లోపు అసలు వద్దు, అయిదేళ్ల దాకా రోజుకి గంట మించొద్దు, అదీ పక్కన మీరుండి. ముందు బువ్వ దగ్గర ఆపండి. రెండు మూడు రోజులు ఏడుస్తాడు, తక్కువ తింటాడు, తట్టుకోండి. రెండు గిన్నెలు పట్టుకుని ‘పప్పా? పెరుగా?’ అని అడిగి ఆగండి. లోపల పది అంకెలు లెక్కపెట్టుకోండి. గమ్మున ఉండటమే కష్టం, పెద్దవాళ్లు మూడు దగ్గరే పెట్టేస్తారు. వాడు ‘పె’ అన్నా, వేలు చూపించినా ‘పెరుగు. పెరుగు కావాలి’ అని పెట్టేయండి. ‘పెరుగు అను, అంటేనే ఇస్తా’ అనొద్దు. వాడు ఒక మాటంటే మీరు దానికి ఇంకో మాట చేర్చి అనండి, అంతే.

ఆత్మకూరు శ్రోత: అయితే వాడి నాయన మాదిరి మూడేళ్లకి వస్తుందని ఆగొద్దంటావా?

నిపుణురాలు: ఆగొద్దు. వాళ్ల నాయనకి వచ్చింది, సంతోషం. రానివాళ్ల సంగతి మనకెవరూ చెప్పరు గదా. వారంలోపు చెవి పరీక్షకి పేరు రాయించండి.

వ్యాఖ్యాత: అమ్మా, ఇంకా చాలామంది లైన్లో ఉన్నారు, ధన్యవాదాలు. కనిగిరి నుంచి.

కనిగిరి శ్రోత: సార్... మేడం, మా బాబు ఏడాదిన్నరకి పదిహేను మాటలు దాకా అనేవాడు. ఈ రెండు నెలల్లో ఒక్కోటే మానేసినాడు. పిలిచినా ఇటు... (లైన్ తెగింది)

వ్యాఖ్యాత: లైన్ కట్టయింది. తర్వాతి...

నిపుణురాలు: ఒక్క నిమిషం, ఆయన వింటూ ఉంటారు. వచ్చిన మాటలు పోవడం ఏ వయసులోనైనా ఆగదగిన విషయం కాదు. ఈ వారమే పిల్లల డాక్టరుకి చూపించాలి. చెవి, ఆటిజం లక్షణాలు, మూర్ఛ ఉందేమో, మూడూ చూస్తారు. బాబు ఆకాశంలో విమానాన్ని వేలితో చూపించి, మీరు చూశారా అని మీ వైపు తిరుగుతాడా? లేక మీ చెయ్యి పట్టుకుని డబ్బా దగ్గరికి లాక్కుపోవడమేనా? ఈ రెండూ ఫోన్లో వీడియో తీసుకుని పోండి. డాక్టరు ముందు పిల్లలు అవి చెయ్యరు. సెల్లు ఆపేస్తే అదే పోతుందిలే అని ఎవరన్నా చెప్పినా పరీక్ష మానొద్దు.

వ్యాఖ్యాత: ఒంగోలు నుంచి.

ఒంగోలు శ్రోత: నమస్తే మేడం. మా వాడికి నాలుగేళ్లు. మూడు నెలల నించి నత్తి వస్తంది. న-న-నాన్న అంటాడు. నిదానంగా మాట్లాడరా అని చెప్తానే ఉన్నాం, ఇంకా ఎక్కువవుతంది.

నిపుణురాలు: చెప్పడం ఆపండి, అదే మొదటి మందు. రెండు నుంచి అయిదేళ్ల మధ్య చాలామందికి వచ్చి పోతుంది. ‘నాకు నాకు నాకు’ అని మాట మొత్తం తిప్పి అనడం తేలిక రకం. న-న-న అని మొదటి అక్షరం దగ్గర తిరగడం, మ్మ్మ్ అని సాగదీయడం, నోరు తెరిచి శబ్దమే రాకపోవడం, ఇవి గమనించాలి. కళ్లు బిగించడం, కాలు నేలకి కొట్టడం ఉందా?

ఒంగోలు శ్రోత: ఒక్కోసారి కళ్లు మూస్తాడు. మా బామ్మర్దికి కూడా నత్తి ఉంది.

నిపుణురాలు: అయితే ఇప్పుడే చూపించండి. బిగింపు మొదలైంది, కుటుంబంలో ఉంది, పైగా మగపిల్లాడు. ఈలోగా మాట వాడి నోట్లో ఉండగా మీరు పూర్తి చెయ్యొద్దు. వాడి మొహం చూడండి, అయ్యాక ఒక క్షణం ఆగి మీరు నెమ్మదిగా బదులివ్వండి. వాణ్ని నెమ్మది చెయ్యక్కర్లేదు, మీరు నెమ్మదిస్తే చాలు. చుట్టాల ముందు పద్యం చెప్పించొద్దు. నోట్లో గోలీలు, గులకరాళ్లు పెట్టించేవాళ్లున్నారు, గొంతులో ఇరుక్కుంటే ప్రాణం పోతుంది. ఎడం చేత్తో రాస్తుంటే రాయనివ్వండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. నెల్లూరు టౌన్ నుంచి ఒక తల్లి.

నెల్లూరు శ్రోత: మేడం, మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. పాపకి మూడేళ్లు, ఇప్పుడు స్కూల్లో వేస్తే ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమన్నారు. మూడు భాషలతో మాట ఆగిపోతుందంట గదా?

నిపుణురాలు: ఆగదు. రెండు మూడు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి. ‘పానీ’ ఒకటి, ‘కుక్క’ ఒకటి. మీకు ఏ భాషలో కోపం, ముద్దు, కబుర్లు బాగా వస్తాయో ఆ భాషలోనే మాట్లాడండి. రాని ఇంగ్లీషులో ‘కం, సిట్, ఈట్’ అంటే బిడ్డకి దొరికేది ఆ మూడు మాటలే. అన్ని భాషల్లోనూ వెనకబడి ఉంటే అప్పుడు చూపించండి. చెవితో మొదలుపెట్టి.

వ్యాఖ్యాత: చివరి ఫోన్, ఉదయగిరి. త్వరగా అడగండి.

ఉదయగిరి శ్రోత: మేడం, నేను అంగన్‌వాడీ టీచర్ని. మా సెంటర్లో మూడేళ్ల పిల్ల కోడిని తోడి, కాకిని తాతి అంటా ఉంది.

నిపుణురాలు: క బదులు త పలకడం ఈ వయసులో మామూలే, నాలుగు దాటినా ఉంటే థెరపీకి పంపండి. త బదులు క అంటే, తాతని కాక అంటే, అది మామూలు కాదు, వెంటనే పంపండి. ర, ళ, ష ఆలస్యంగా వస్తాయి, కంగారు వద్దు. కొత్తవాళ్లకి ఆ పిల్ల మాటల్లో నాలుగింట మూడు వంతులు అర్థమవ్వాలి. మిగతా పిల్లలు వెక్కిరించకుండా చూడండి. ‘అవును, కోడి. కోడి గింజలు తింటా ఉంది’ అని మీరు సరిగా అనేసి ముందుకు పోండి, మళ్లీ అనమనొద్దు.

ఉదయగిరి శ్రోత: జలుబు ఎప్పుడూ ఉంటది మేడం ఆ పిల్లకి. నోరు తెరుచుకునే నిద్రపోతది.

నిపుణురాలు: అయితే నేను చెప్పిందానికంటే ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరు. చెవిలో నీరు నిలిచి ఉండొచ్చు, టింపనోమెట్రీ అని చిన్న పరీక్ష. మీ రిజిస్టర్లో ఈ పిల్ల పేరు ఆర్‌బీఎస్‌కే బృందానికి రాసి పెట్టండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ధన్యవాదాలు మేడం. శ్రోతలకు నమస్కారం.