కిలిమంజారో మీద మంచు ఎందుకు తరిగిపోతోంది?

హోస్ట్: భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దిగువన టాంజానియాలో ఉన్న కొండ. దాని నెత్తిన మంచు! ఎలాగండీ?

అతిథి: ఎత్తు వల్లే. కిబో శిఖరం 5,895 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కొండ కింద మోషీ పట్టణంలో చెమటలు పడుతుంటే, పైన ఏడాది సగటు మైనస్ ఏడు.

హోస్ట్: కిబో అంటున్నారు. కిలిమంజారో ఒకటే అగ్నిపర్వతం కాదా?

అతిథి: మూడు. షిరా ఎప్పుడో కుంగి పీఠభూమి అయింది. మావెంజి కోసుకుపోయి రంపపు పళ్లలా మిగిలింది. కిబో ఒక్కటే నిద్రలో ఉంది, చావలేదు. దాని నెత్తినున్న రాయిష్ బిలంలో గంధకపు ఆవిర్లు ఇప్పటికీ వస్తాయి.

హోస్ట్: మరి మంచు కరిగిపోతోందంటారు?

అతిథి: 1912లో సుమారు 12 చదరపు కిలోమీటర్లుండేది. అందులో ఎనభై శాతానికి పైగా పోయింది. కానీ ‘కరిగింది’ అంటే సగమే నిజం. అక్కడి గాలి చాలావరకు సున్నాకు కిందే ఉంటుంది. గాలి పొడిగా, ఎండ తీక్షణంగా ఉండటంతో మంచు నీరవకుండానే ఆవిరైపోతుంది. కొత్త మంచు పడితే తెల్లగా ఉండి ఎండను తిప్పికొడుతుంది. పడకపోతే పాతది మురికిపట్టి ఎండను పీల్చుకుంటుంది. పైగా మంచు అంచులు నిట్టనిలువు గోడలు. గోడ మీద మంచు నిలవదు కదా, అందుకే అది వెనక్కి జరగడమే తప్ప ముందుకు రాదు. 1880ల ప్రాంతంలో తూర్పు ఆఫ్రికా పొడిబారినప్పటి నుంచీ ఇదే వరస. అలాగని భూతాపానికి సంబంధం లేదనుకోవద్దు. దానివల్ల హిందూ మహాసముద్రం తీరు మారితే కొండకు చేరే తేమా మారుతుంది.

హోస్ట్: ఎక్కాలనుకునేవాళ్లకు?

అతిథి: మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబరులో చిన్న వానలు. ఆ నెలలు వదిలేయండి. శిఖరం మీద గాలి ఒత్తిడి కింద ఉన్నదాంట్లో సగమే. ఒంటికి అలవాటు కావాలి కాబట్టి, మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు ఐదొందలకు మించి పెంచకూడదు. మరంగు దారిలో హొరొంబో మకాం నుంచి కిబో హట్ మకాంకు ఒక్క రోజులో వెయ్యి మీటర్లు. అది నాకు నచ్చదు. మాచమే దారిలో 4,600 మీటర్ల లావా టవర్ అనే రాతిగుట్ట దాకా ఎక్కి, బారాంకో మకాంకు దిగి పడుకుంటారు. ఒంటికి అదే మేలు.

హోస్ట్: తలనొప్పి వస్తే?

అతిథి: ఉన్నచోటే ఆగాలి. నడక తూలినా, కూర్చున్నా ఆయాసమొచ్చినా రాత్రనీ పగలనీ చూడకుండా దిగిపోవాలి. ఇంకోటి, శిఖరానికి బయల్దేరేది అర్ధరాత్రి. పైపుతో తాగే నీళ్లసంచీ గడ్డకడుతుంది. సీసా తీసుకెళ్లి, వీపు సంచిలో తలకిందులుగా పెట్టండి. ముందు పైభాగం గడ్డకడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లే ఉంటాయి.