పాలకంటే ముందు వెచ్చదనం

అందరికీ నమస్కారం.

కుక్కలు జత కట్టే కార్తీకం వెళ్లి రెండు నెలలైంది. కుక్క కడుపు మోసేది దాదాపు 63 రోజులు. అందుకే ఇప్పుడు హనుమకొండలో, కాజీపేటలో ఏ గల్లీకి పోయినా ఆగి ఉన్న ఆటో కిందో, ఇసుక కుప్ప పక్కనో కూనలు కనిపిస్తున్నాయి. పశువైద్యుడిగా ఈ చలికాలమంతా నాకు ఒకటే ఫోను: "డాక్టర్ సాబ్, కుక్కపిల్ల దొరికింది, ఏం పాలు పట్టాలె?"

అది నిజంగా దొరికిందా? తల్లి తిండికి పోయి ఉంటుంది. దూరంగా నిలబడి రెండు మూడు గంటలు చూడండి. మనం దగ్గరగా నిలబడితే అది రాదు. తల్లి వస్తే మీ పని అయిపోయినట్టే, దానికి ఇంత అన్నం పెట్టండి చాలు.

తల్లి రాలేదు, కూన చల్లగా ఉంది. అప్పుడు పాలు కాదు, ముందు వెచ్చదనం. మొదటి వారంలో కూనకు వణకడం కూడా చేతకాదు. తల్లి పొట్టా, తోడబుట్టినవాటి ఒళ్లూ దానికి కుంపటి. ఒళ్లు చల్లబడితే పేగులు కదలవు, పాలు అరగవు. మింగే బలం లేక ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిన్నప్పుడు నేను ఇంటికి తెచ్చిన నాలుగు కూనలకు ఆత్రంగా ముందు పాలే పట్టాను. తెల్లారేసరికి రెండే మిగిలాయి. ఆ తప్పు మీ పిల్లలు చేయకూడదనే ఇంతగా చెబుతున్నాను.

సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కన పెట్టండి. వేడెక్కువైతే జరగడానికి రెండో పక్క ఖాళీగా ఉండాలి. హీటర్ ముందు పెట్టొద్దు, మెల్లగానే వేడెక్కాలి. నోట్లో వేలు పెడితే వెచ్చగా తగిలాక పాలు. కుక్క పాలల్లో కొవ్వు, మాంసకృత్తులు ఆవు పాలకు రెండింతల పైనే ఉంటాయి. ఆవు పాలల్లో నీళ్లు కలిపి పోస్తే కడుపు నిండుతుంది, ఆకలి తీరదు. కూనల కోసం అమ్మే పాలపొడి వాడండి. చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు, బోర్లా ఉంచి పట్టండి. తర్వాత తడి దూదితో పొట్ట కింద తుడవాలి. మూడు వారాల దాకా తల్లి నాకితేనే అవి మూత్రం పోస్తాయి.

కళ్లు 10 నుంచి 14 రోజులకు తెరుస్తాయి. రెండు వారాలకు నట్టల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా. 8 వారాలు నిండకుండా పిల్లను అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. కొనేవాళ్లూ అడగాలి.

మెడికల్ షాపులో మనుషుల కోసం అమ్మే గర్భ పరీక్ష కిట్‌తో కుక్క కడుపుతో ఉందో లేదో చూడొచ్చా అని కొందరు అడుగుతారు. దాంతో తెలియదు. ఆ కిట్ పట్టే హార్మోన్ కుక్కకు ఉండదు. జత కట్టిన నాలుగు వారాలకు స్కానింగ్‌లో తెలుస్తుంది.

ఇక నాకు బాధ కలిగించే మాట ఒకటుంది: "కోడలికి నెల తప్పింది, కుక్కను ఎక్కడైనా వదిలేద్దాం." వద్దమ్మా. నట్టల మందు, టీకాలు సరిగ్గా వేసిన కుక్కతో కడుపులో బిడ్డకు భయం లేదు. పిల్లి ఉంటే దాని మలం మాత్రం ఇంకొకరు, ప్రతిరోజూ ఎత్తాలి. అందులోని క్రిమి గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఆ క్రిమి రాకుండా మాంసం బాగా ఉడకాలి, ఆకుకూరలు కడగాలి.

మన ఊళ్లలో అసలు భయం గొర్రెలు, మేకల దగ్గర. ఈసుకుపోయిన (నెలలు నిండకుండానే పడిపోయిన) పిల్లను, మాయను గర్భిణి ముట్టుకోవద్దు. ఈనే గొర్రెకు సాయం చేయొద్దు. పచ్చిపాలు తాగొద్దు. మొదటి వారాల్లో కడుపుతో ఉన్నట్టు ఆమెకే ఇంకా తెలిసి ఉండదు, కాబట్టి పిల్లల కోసం ఎదురుచూస్తున్నవాళ్లందరికీ ఈ మాట వర్తిస్తుంది.

కుక్క కరిస్తే మాత్రం గర్భమని ఆలోచించొద్దు. 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణికీ, బాలింతకూ రేబిస్ టీకా వేయొచ్చు, వేసి తీరాలి.