అక్షరం చూడకుండా గెలిచేస్తే అది అక్షరాల ఆట ఎలా అవుద్ది?

అందరికీ నమస్కారం. అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన అమ్మలు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ నాన్నలు, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయండీ వచ్చి కూర్చోండి. ఇవాళ ఈసీసీఈ డే కదా, అంటే బడికి ముందు వయసు పిల్లల ఆలనా చదువూ గురించి మాట్లాడుకునే రోజు, నేను ఒక్క విషయమే మాట్లాడతాను: మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఉరికిస్తూ గెంతిస్తూ అక్షరాలు ఎలా నేర్పాలి అని.

ఆటలతో నేర్పండి అని ఇప్పుడు అందరూ అంటున్నారు. 2020 విద్యా విధానంలో 3 నుంచి 8 ఏళ్ళ దాకా కలిపి ఒకటే పునాది దశ అన్నారు, 2023లో జాదూయీ పిటారా అని బొమ్మలూ కార్డులూ ఉన్న పెట్టె తెచ్చారు, అదే ఏడాది పోషణ్ భీ పఢాయీ భీ, అంటే పోషణా చదువూ రెండూ అని అంగన్‌వాడీలో రోజుకి కనీసం 2 గంటలు ప్రీస్కూల్ నడపాలన్నారు. బానే ఉంది. కానీ సెంటర్లో కాసేపు కూర్చుని చూస్తే ఆట దారి ఆటది, అక్షరం దారి అక్షరానిది. పిల్లలు గోడ దాకా ఉరికి ఓ కార్డు పట్టుకొస్తారు, ఏ కార్డు తెచ్చినా మనం చప్పట్లు కొట్టేస్తాం, దాంతో వాడికి అర్థమైంది ఏంటంటే ఫాస్ట్‌గా పరిగెత్తాలి అని, అంతే. అందుకే ఏ ఆట చూసినా నేను ఒకటే అడుగుతాను, అక్షరం వైపు చూడకుండా, దాని శబ్దం వినకుండా పిల్లాడు ఇందులో గెలవగలడా? గెలిచేస్తుంటే అది మంచి ఎక్సర్‌సైజే, కాదనను, కానీ అక్షరాలు రావు.

మన నాలుగు స్తంభాలాట తీసుకోండి. గదికి నాలుగు మూలలు ఎలాగూ ఉన్నాయి, ఒక్కో మూల చార్టు మీద పెద్దగా ఒక్కో అక్షరం రాసి అంటిస్తాం: ప, గ, వ, మ. టీచరు "పలక!" అనగానే అందరూ ప దగ్గరికి ఉరకాలి. వినడానికి బాగుంది కదా, ఆడించి చూడండి, కాస్త చురుకైన పిల్ల ఒకతి ముందు ఉరుకుద్ది, మిగతా గుంపంతా ఆ పిల్ల వెనకే, ఆ పిల్ల తప్పు మూలకి వెళ్తే అందరూ తప్పు మూలకే. ఒక్కరు కూడా గోడ వైపు చూడరు! దీనికి ఉపాయం ఏంటంటే అందరికీ ఒకే పదం చెప్పకుండా తలా ఒక వస్తువు చేతిలో పెట్టండి. ఒకడికి పలక, ఒకడికి గరిటె, ఒకడికి దీపంలో వేసే వత్తి, ఒకడికి మగ్గు. ఈల వేయగానే ఎవరి వస్తువు పేరు వాళ్ళు గట్టిగా అనుకుంటూ ఎవరి మూలకి వాళ్ళు వెళ్ళాలి. మళ్ళీ ఈల వేస్తే పక్కవాడితో వస్తువు మార్చుకోవాలి. ఇంక కాపీ కొట్టడానికి ఏముంది, పక్కవాడి మూల వేరు, మన మూల వేరు. ఒక్క జాగ్రత్త, గంట ఇవ్వకుండా గరిటె ఎందుకు ఇచ్చామంటే గంటలో మొదటి అక్షరం పక్కనే సున్నా ఉంది, గాజు ఇస్తే దీర్ఘం ఉంది, మొదట్లో అవన్నీ వద్దు, తలకట్టుతోనే మొదలయ్యే పదాలు చూసుకోండి. వంటింట్లో వెతికితే బోలెడు దొరుకుతాయి.

కుర్చీలాట కూడా చాలామంది ఆడిస్తారు, కుర్చీ మీద అక్షరం పెట్టి, పాట ఆగాక ఏ అక్షరం మీద కూర్చున్నావో చెప్పు, చెప్పలేకపోతే ఔట్ అని. ఇది నాకు అస్సలు నచ్చదు. ఔటయ్యేది ఎవరు, అక్షరం రాని పిల్లే కదా, ఇంకో పది సార్లు ఆడాల్సిన పిల్లని మొదటి రౌండ్‌లోనే పక్కన కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళతో చివరిదాకా ఆడిస్తున్నాం. కుర్చీలు తీయకండి, ఔట్ చేయకండి, చెప్పలేకపోతే పక్కవాడిని అడిగి చెప్పనివ్వండి.

ఇక మన లిపిలో అసలు కష్టం ఎక్కడుందో మీకు తెలుసు. 56 అక్షరాలు అంటాం, అందులో సగం అన్నదమ్ముల్లా ఒకే పోలిక. ర కడుపులో చుక్క పెడితే ఠ, ప లోపల చిన్న గీత పెడితే ష, వ కి కొమ్ములాగా కాస్త సాగదీస్తే మ. దీనికి తొక్కుడుబిళ్లని మించింది లేదు. నేల మీద ఆరు గళ్ళు గీయండి, నాలుగింట్లో ప, రెండింట్లో ష. ప మీదే గెంతాలి, ష నిప్పుల గడి, కాలు పెడితే కాలుద్ది. ఇప్పుడు పిల్ల గెంతే ముందు ఆగుతుంది చూడండి, వంగి ఆ గడిలోకి చూస్తుంది, ఆ లోపలి గీత ఉందా లేదా అని. ఆ ఒక్క క్షణం కోసమే ఈ గళ్ళన్నీ. మూడేళ్ళ పిల్లలు ఒంటికాలి మీద కుంటలేరు, రెండు కాళ్ళతో దూకనివ్వండి, బిళ్ల విసరడం కూడా అక్కర్లేదు. ఈ ప, ష ల గోల కూడా ప బాగా వచ్చాకే, రెండూ కొత్తగా ఒకే రోజు పెడితే రెండూ కలగాపులగం అయిపోతాయి.

అసలు వీటికన్నా ముందు చెవి ఉంది. తెలుగులో మనకి ఒక సుఖం ఏంటంటే పదం అక్షరాలుగా దానంతటదే విడిపోద్ది, ప-ల-క, మూడు చప్పట్లు. ఇంగ్లీషు క్యాట్‌ని మూడు శబ్దాలుగా విడగొట్టమంటే నాలుగేళ్ళ పిల్లలకి చుక్కలు కనపడతాయి. కాబట్టి పొద్దున హాజరు పిలిచేటప్పుడే పేరుకి ఎన్ని చప్పట్లో అన్ని గెంతులు అనండి. కమల మూడు గెంతులు, రాము రెండు. అలాగే ఏ అక్షరంతో మొదలెట్టాలి అంటే అ ఆ ఇ ఈ అనే వెళ్ళాలని రూలేం లేదండీ, ఆ వరసలో పోతే ఋ, ౠ దగ్గర ఇరుక్కుంటాం, పాపం ఆ పిల్ల పేరు మొదటి అక్షరం మాత్రం నాలుగు నెలలకి గానీ రాదు. పేర్లతో మొదలెట్టండి, వారానికి మూడో నాలుగో చాలు, వరస పాటలాగా నోటికి ఎలాగూ వస్తుంది.

రాయించడం గురించి అమ్మలు అడుగుతారు, "మా వాడు ఇంకా రాయట్లేదు, ప్రైవేట్ స్కూల్లో పక్కింటి పాప రోజూ రెండు పేజీలు రాస్తోంది" అని. చూడండమ్మా, బాసరలోనో ఇంటి దగ్గరో అక్షరాభ్యాసం చేయించేటప్పుడు ఏం చేస్తాం, పళ్ళెంలో బియ్యం పోసి వేలు పట్టుకుని దిద్దిస్తాం. పాత వీధి బడుల్లో ఇసుకలో వేలితో రాయించేవాళ్ళు. 1907లో రోమ్‌లో బడి పెట్టిన మాంటిస్సోరి గారు కూడా గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి వేలితో తడమమన్నారు. మనమేమో ఒక్క రోజు ఫోటో తీసుకుని ఆ బియ్యం తీసి వండేసుకుని మర్నాటి నుంచి పెన్సిలూ కాపీ పుస్తకమూ!

ముందు ఒళ్ళంతా రాయాలి. వాకిట్లో ముగ్గుపిండితో మంచం అంత ర గీయండి, ఎక్కడ మొదలెట్టాలో అక్కడ ఒక రాయి పెట్టండి, సున్నా చుట్టూ నడిచొచ్చి చివర్లో తలకట్టు ఎక్కాలి, నోటితో ర్ర్ర అని బండిలా సౌండ్ చేసుకుంటూ. రాయి ఎందుకంటే ఎటు పడితే అటు నడిస్తే రేపు చెయ్యి కూడా ఎటు పడితే అటు తిరుగుద్ది. తర్వాత చెంబుడు నీళ్ళు, పాత పెయింట్ బ్రష్ ఇచ్చి గోడ మీద, భుజం దాకా చెయ్యి ఊపుతూ. ఎండకి ఆరిపోద్ది, తుడవక్కర్లేదు, తప్పు పోయినా ఎవరికీ కనపడదు, పిల్లలకి అదే ఇష్టం. ఆ తర్వాత ఇసుక, పలక, ఆఖర్న పెన్సిల్. ఐదు దాటాక పెన్సిల్ పట్టినా కొంపలేం మునిగిపోవు. ఫోన్‌లో అక్షరాల యాప్ ఉంది కదా అంటారు, ఉంది, అందులో కదిలేది బొటనవేలు ఒక్కటే.

సెంటర్ ఇరుకు అనే టీచర్లకి ఒక మాట, నలుగురు నలుగురిగా ఆడించండి, మిగతావాళ్ళు ఆయా దగ్గర చప్పట్ల ఆట ఆడుకుంటారు, పావుగంటకి గుంపు మార్చండి. సరే ఇంక చెప్పడం చాలు, కుర్చీలు పక్కకి జరపండి, వెనక నిలబడ్డ నాన్నలు నలుగురూ ముందుకి రండి, ఇదిగో పలక, గరిటె, వత్తి, మగ్గు. ఈల ఎవరి దగ్గరుంది?